కుక్క తూలి పడినప్పుడు వినకూడని పది సలహాలు

రాత్రి బాగా తిని పడుకున్న కుక్క పొద్దున్నే లేవబోయి పక్కకు ఒరిగిపోతుంది. తల ఒక వైపుకు వాలిపోయి ఉంటుంది. కళ్లు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ కొట్టుకుంటాయి. నాలుగడుగులు వేస్తే ఒకే వైపుకు తిరుగుతూ గోడకు గుద్దుకుంటుంది. నోట్లోంచి చొంగ, ఆ వెంటనే వాంతి. వయసు పైబడిన కుక్క ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది.

హైదరాబాద్ శివారులోని మన తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో ఈ కబురు బయటికి పొక్కడమే ఆలస్యం, సలహాలు మొదలవుతాయి. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒకరు మందు పేరు పెడతారు. కింది ఫ్లాట్ ఆంటీ నూనె సీసా పట్టుకొస్తారు. ఊరి నుంచి పెదనాన్న ఫోన్ చేసి తమ పాత కుక్కకు ఏం చేశారో చెబుతారు. అందరిదీ మంచి మనసే. అయినా వీటిలో కొన్ని కుక్కకు అపకారం చేస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే వినకూడని వాటిని ముందు పెట్టి, ఒక్కొక్కటీ ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో రాస్తున్నాను. అన్నిటికీ మూలం ఒకే మాట: మొదటి మూడు రోజుల భయంలో ఆ కుక్క బతుకు గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

1. "పక్షవాతం వచ్చింది. నువ్వుల నూనెతో కాళ్లు మర్దన చెయ్యండి."

చూసిన ప్రతివాళ్లూ ముందు అనే మాట ఇదే. పక్షవాతంలో కాలికి బలం పోతుంది. ఇక్కడ చాలాసార్లు కాళ్ల బలం అలాగే ఉంటుంది, ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోతుంది. ఆ సంగతి చెప్పే పరికరం లోపలి చెవిలో ఉంది. బడిలో చదువుకున్న అర్ధవర్తుల కుల్యలు అవే. మన చుట్టూ లేస్తున్న టవర్లలో మేస్త్రీలు సన్నటి గొట్టంలో నీళ్లు పోసి రెండు గోడల మట్టం చూస్తారు కదా, ఆ కుల్యల్లోని ద్రవం కూడా తల ఎటు తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో అలా పట్టి ఇస్తుంది. ఆ సమాచారం నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. కుడి చెవి ఒకటి, ఎడమ చెవి ఇంకొకటి చెప్పడం మొదలుపెడితే, నిశ్చలంగా పడుకున్న కుక్కకు కూడా ఒళ్లు గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది. తల వాలడం, కళ్లు కొట్టుకోవడం, వాంతులు అన్నీ దాని వల్లే. డాక్టర్లు దీన్ని వెస్టిబ్యులర్ వ్యాధి అంటారు. ముసలి కుక్కల్లో చాలాసార్లు ఏ కారణమూ దొరకదు, వచ్చినట్టే తగ్గిపోతుంది.

మర్దన కోసం కుక్కను అటూ ఇటూ దొర్లిస్తే తల తిరుగుడు ఇంకా పెరుగుతుంది. దాని బదులు ఫోన్ తీసి అర నిమిషం వీడియో తీయండి. తల ఏ వైపుకు వాలింది? కళ్లు పక్కలకు కొట్టుకుంటున్నాయా, పైకీ కిందికీనా? పేరు పెట్టి పిలిస్తే చెవి కదులుతోందా? ఏదైనా కాలు ఈడుస్తోందా? క్లినిక్ చేరేసరికి లక్షణాలు కొంత మారిపోవచ్చు. అప్పుడు ఆ వీడియోనే డాక్టరుకు దారి చూపిస్తుంది.

2. "పిచ్చి పట్టింది. గేటు బయటికి తోలెయ్యండి."

చొంగ, తూలడం చూడగానే రేబిస్ గుర్తుకు రావడం సహజమే. ఏటా టీకా వేయించిన ఇంటి కుక్క, తల వాల్చి, కళ్లు కొట్టుకుంటూ, యజమాని గొంతు వినగానే తోక కదిలిస్తోందంటే అది రేబిస్ అయ్యే అవకాశం చాలా తక్కువ. టీకా పుస్తకం ఒక ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. గ్రూపులో గొడవ రేగితే అదే జవాబు.

టీకా సంగతి తెలియని కుక్క తూలుతూ, మింగలేక చొంగ కారుస్తూ, తీరు మారిపోయి కనబడితే మాత్రం జాగ్రత్త తప్పదు. దాని నోట్లో చేయి పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దు, పశువైద్య సిబ్బందికి చెప్పండి. కరిచినా, చొంగ గాయానికి తగిలినా ఆ చోటును సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, వెంటనే టీకాకు వెళ్లాలి. దగ్గరలో ప్రభుత్వాసుపత్రి ఉంది, నగరంలో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. కానీ తూలిన ప్రతి వీధి కుక్క మీదికీ కర్రలు ఎత్తడం క్రూరత్వం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద అది నేరం కూడా.

3. "వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో రెండు చుక్కలు వెయ్యండి."

చెవి సంగతి అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ఆలోచన ఇది. లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వేలాడే చెవుల కుక్కలకు వానాకాలంలో చెవిలో చీము, బూజు తరచుగా వస్తాయి. అది లోపలికి పాకితే తూలుడు మొదలవుతుంది. అప్పటికి కర్ణభేరికి చిల్లు పడి ఉండవచ్చు. ఆ చిల్లులోంచి పోసిన నూనె నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది. షాపులో దొరికే ఇయర్ డ్రాప్స్ కూడా అంతే. జెంటామైసిన్ లాంటి మందులు, క్లోర్‌హెక్సిడిన్ లాంటి శుభ్రపరిచే ద్రావణాలు లోపలి చెవికి చేరితే వినికిడినీ తూకాన్నీ శాశ్వతంగా దెబ్బతీయగలవు.

ఇంకో సంగతి కూడా ఉంది. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే చెవి డాక్టరు రోగుల చెవులు నీళ్లతో కడుగుతూ ఒకటి గమనించాడు. నీళ్లు మరీ చల్లగా ఉన్నా, మరీ వెచ్చగా ఉన్నా రోగికి కళ్లు తిరిగేవి, కనుగుడ్లు కొట్టుకునేవి. వేడికీ చలికీ లోపలి చెవి ద్రవం కదలడమే దీనికి కారణమని ఆయన చెప్పాడు. ఆ కృషికే 1914 నోబెల్ బహుమతి దక్కింది. అంటే ఆరోగ్యమైన చెవిలో వేడిదో చల్లటిదో పోసినా తూకం చెదురుతుంది. ఇప్పటికే తూలుతున్న కుక్క చెవిలో కాచిన నూనె పోయడం ఎంత తప్పో దీన్ని బట్టే తెలుస్తుంది. డాక్టరు దీపంతో చెవి లోపల చూసేదాకా ఒక్క చుక్క కూడా వెయ్యొద్దు.

4. "మెడికల్ షాపులో మాత్ర అడిగి వేసెయ్యండి."

తల తిరుగుడుకు మనం వేసుకునే మాత్ర, జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, నొప్పికి వేసుకునే ఐబుప్రోఫెన్, ఇవేవీ మీ అంతట మీరు కుక్కకు ఇవ్వొద్దు. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలను చెడగొడుతుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు.

మెట్రోనిడజోల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుక్కకు విరేచనాలైతే చాలామంది డాక్టరును అడక్కుండానే ఈ మాత్ర వేస్తుంటారు. ఎక్కువ మోతాదులోనో, చాలా రోజులో వాడితే అదే మెదడు మీద పని చేసి తూలుడు తెప్పిస్తుంది. మందు ఆపితే సాధారణంగా కోలుకుంటుంది. ఈ సంగతి తెలియక, తూలే కుక్కకు ఆ మాత్రే కొనసాగించడం నిప్పులో నూనె పోయడమే. గోమార్లకు, గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ మోతాదు మించినా కుక్క తూలుతుంది. కోలీ జాతి కుక్కలకైతే చిన్న మోతాదు కూడా ప్రమాదమే. గడిచిన నెలలో కుక్కకు ఇచ్చిన ప్రతి మందూ, ప్రతి ఇంజెక్షనూ, చెవిలో వేసిన ప్రతి చుక్కా ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.

"ఒక స్టెరాయిడ్ పడితే లేచి కూర్చుంటుంది" అనే మాట కూడా తరచుగా వింటాం. కారణం దొరకని ముసలితనపు తూలుడుకు స్టెరాయిడ్ మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ముదిరే అవకాశం ఉంది, మెదడులో వాపు ఉంటే రోగ నిర్ధారణ తారుమారవుతుంది. ఆ ఇంజెక్షన్ అవసరమా కాదా అనేది పరీక్ష చేసిన డాక్టరు తేల్చాలి. మీరు అడగాల్సింది వాంతి తగ్గించే మందు. తల తిరుగుడు తగ్గేదాకా కుక్కకు ఎక్కువ ఊరట ఇచ్చేది అదే.

5. "నెట్‌లో చూశాను, అదే తగ్గిపోతుంది. డాక్టరు అక్కర్లేదు."

ఇది సగం నిజం కాబట్టి మరీ ప్రమాదం. తగ్గిపోయే రకం ఉన్నది నిజమే. మీ కుక్కకు వచ్చింది ఆ రకమో కాదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. అదే రోజు చూపించాలి.

డాక్టరు మొదట తేల్చేది ఒకటే: తప్పు చెవి దగ్గరా, మెదడులోనా? కనుగుడ్లు పైకీ కిందికీ కొట్టుకోవడం, కుక్క మత్తుగా ఉండి పిలుపుకు పలకకపోవడం, పాదం మడిచి పెడితే తిప్పుకోలేకపోవడం, ఒక వైపు కాళ్లలో బలహీనత, మూర్ఛ, ఇవన్నీ మెదడు వైపు చూపిస్తాయి. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆగొద్దు. చెవి నొప్పి, చీము, వాసన, ముఖం ఒక పక్క జారడం ఉంటే మధ్య చెవిని అనుమానిస్తారు. అలాంటప్పుడు వారాల తరబడి మందు వాడాల్సి వస్తుంది. థైరాయిడ్ తక్కువైనా తూలుడు రావచ్చు, అది రక్త పరీక్షలో తెలుస్తుంది, మాత్రతో సర్దుకుంటుంది. బీపీ చూడటం, మూత్రపిండాల పరీక్ష కూడా అవసరమే, ముసలి కుక్కల్లో అధిక బీపీ, మూత్రపిండాల జబ్బు మెదడు స్ట్రోకుకు కారణమవుతాయి.

మన ప్రాంతంలో గోమార్ల జ్వరం కూడా చూసి తీరాలి. ఉస్మాన్‌నగర్, కొల్లూరు వైపు ఖాళీ ప్లాట్లలో గడ్డి మీద నడిచొచ్చిన కుక్క ఒంటి మీద ఒక్క గోమారు ఉన్నా చాలు. అది కుడితే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరి, అరుదుగానైనా, మెదడు పొరల దాకా పోగలదు. ఈ జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. అక్కడ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇంత మంచి మందు చేతిలో ఉండి కూడా పరీక్ష చేయించక కుక్కను పోగొట్టుకోవడం అన్యాయం.

దగ్గరి క్లినిక్‌లో తేలకపోతే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా రాజేంద్రనగర్ వెళ్లవచ్చు. అక్కడ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. ఏ వేళల్లో చూస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ప్రయాణంలో కుక్కకు రెండు వైపులా చుట్టిన దుప్పట్లు దన్నుగా పెట్టి, పక్కన ఒకరు కూర్చుని తల కదలకుండా పట్టుకోవాలి.

6. "ఎత్తుకుని తిప్పండి, తర్వాత చీకటి గదిలో పడుకోబెట్టండి."

రెండూ తప్పే. నేల తగలని కుక్కకు ఉన్న కాస్త ఆధారమూ పోతుంది, అందుకే గాలిలోకి లేపగానే గింజుకుంటుంది. తప్పనిసరిగా ఎత్తాల్సి వస్తే ఒంటికి గట్టిగా హత్తుకుని, నెమ్మదిగా లేపి, నెమ్మదిగా దించండి. చెవి మోసం చేస్తున్నప్పుడు కుక్కకు దారి చూపేవి కళ్లు, పాదాలు. చీకటి చేస్తే కళ్లు పోతాయి, నున్నటి టైల్స్ మీద వదిలేస్తే పాదాలు పోతాయి. కాబట్టి రాత్రంతా చిన్న లైటు వెలగాలి. నేలంతా జారనివి పరవాలి. యోగా మ్యాట్లు, రబ్బరు మ్యాట్లు, డోర్ మ్యాట్లు, ఏవున్నా సరే. మంచం, సోఫా మీదికి ఎక్కనివ్వొద్దు. బాల్కనీ తలుపు, డ్యూప్లెక్స్ విల్లాల్లో మెట్లు, క్లబ్ హౌస్ ఈత కొలను వైపు దారి, అన్నీ మూసి ఉండాలి. గోళ్లు పెరిగి ఉంటే కత్తిరించండి, పట్టు దొరుకుతుంది.

7. "నీరసపడిపోతుంది. నోరు తెరిచి గ్లూకోజ్ నీళ్లు పొయ్యండి."

తల వాలిపోయి, వాంతికి సిద్ధంగా ఉన్న కుక్క నోట్లో బలవంతంగా పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తూలుడు కంటే అదే ప్రాణాంతకం. ఒక పూట తినకపోతే ఫరవాలేదు. కుక్కను పొట్ట నేలకు ఆనేలా పడుకోబెట్టి, ఛాతీకి దన్ను ఇచ్చి, నీళ్ల గిన్నె మూతి దగ్గర పట్టుకోండి. తాగకపోతే వేళ్లు తడిపి నాకించండి. తిండి చిన్న చిన్న ముద్దలుగా చేత్తో పెట్టండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, అన్నం చాలు. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి. ఒక రోజంతా నీళ్లు ముట్టకపోయినా, వాంతులు ఆగకపోయినా సెలైన్ పెట్టించాలి.

8. "కెమెరా పెట్టి ఆఫీసుకు వెళ్లిపోండి, ఫోన్లో చూసుకోవచ్చు."

కుక్క పడిపోయిందని కెమెరా చెబుతుంది, లేపదు. మొదటి రెండు రోజులు ఇంట్లో మనిషి ఉండి తీరాలి. సెలవు పెట్టండి, లేదంటే వర్క్ ఫ్రమ్ హోమ్ అడగండి. లేవలేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, తడిసిన గుడ్డ తీసెయ్యాలి, నడుము కింద తువ్వాలు వేసి పట్టుకుని బయటికి తీసుకెళ్లాలి.

మన ఇళ్లలో పగటిపూట కుక్క దగ్గర ఉండేది ఎక్కువగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలే. వాళ్లకు ఇదంతా ముందే చెప్పి ఉంచడం మన బాధ్యత. క్లినిక్ నంబరు, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు, కుక్కను ఎక్కించుకునే క్యాబ్ డ్రైవర్ నంబరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వంగి కుక్కను ఎత్తబోయి నడుము పట్టేసుకోవద్దని, వాచ్‌మన్‌ను పిలవమని చెప్పండి.

9. "పాపం, ముసలిది, బాధ పడుతోంది. నిద్రపుచ్చెయ్యండి."

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం, ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించమనే ఈ సలహా. మిగతా వాటిలో చాలావాటిని దిద్దుకోవచ్చు, దీన్ని దిద్దుకోలేం.

ఈ జబ్బు మొదటి రోజే అతి భయంకరంగా కనిపిస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు లక్షణాలు శిఖరాన ఉంటాయి. ఆ స్థితిలో కుక్కను చూసిన ఎవరికైనా ఇక ఇది బతకదనే అనిపిస్తుంది. కారణం దొరకని రకంలో రెండు మూడు రోజులకు కళ్లు కుదుటపడటం మొదలవుతుంది, వాంతులు తగ్గుతాయి. వారం తిరిగేసరికి చాలా కుక్కలు తూలుతూనైనా సొంతంగా నడుస్తాయి. రెండు మూడు వారాల్లో దాదాపు మామూలవుతాయి. చిన్నపాటి స్ట్రోకు వచ్చిన కుక్కల్లో కూడా చాలావాటికి వారాల్లో గుణం కనిపిస్తుంది. చెవి ఇన్‌ఫెక్షన్, థైరాయిడ్, గోమార్ల జ్వరం, మందు వికటించడం, అన్నిటికీ చికిత్స ఉంది. పన్నెండేళ్లు మనతో బతికిన జీవికి పన్నెండు గంటల్లో తీర్పు చెప్పే హక్కు మన భయానికి లేదు.

నయం కాని కేసులు ఉండవని అనను. మెదడులో గడ్డ, రోజురోజుకూ ముదిరే లక్షణాలు, తిండీ నీళ్లూ పూర్తిగా మానేయడం, మందుకు లొంగని బాధ, ఇలాంటప్పుడు డాక్టరే ఆ మాట ఎత్తుతారు. అప్పుడు వినాలి. అప్పటికి మీరు పరీక్షలు చేయించి ఉంటారు, కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకుని ఉంటారు. మొదటి పూటే ఎవరైనా ఆ సలహా ఇస్తే ఇంత మాత్రం చెప్పండి: "డాక్టరు గారు చూడాలి. మూడు రోజులు ఆగుతాం." మూడో రోజు సాయంత్రం మొదటి రోజు తీసిన వీడియో, ఆనాటి వీడియో పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించి అప్పుడు మాట్లాడండి. కొంచెమైనా మెరుగు కనిపిస్తే ఇంకా ఆగండి. లేకపోతే ఎంఆర్‌ఐ గురించి అడగండి.

10. "తల వంకర పోలేదు. ఇక వాకింగ్ మాన్పించెయ్యండి."

కొన్ని కుక్కలకు అన్నీ తగ్గినా తల కొద్దిగా ఒక పక్కకు వాలే ఉండిపోతుంది. దానివల్ల వాటికి బాధేమీ ఉండదు. అయినా లిఫ్టులో జనం జాలిగా చూస్తారు, మనకే మనసొప్పక కుక్కను ఇంట్లో కూర్చోబెడతాం. అది చేయకూడని పని. దెబ్బతిన్న చెవి మాటను పక్కనబెట్టి, రెండో చెవి, కళ్లు, పాదాలు చెప్పేదాన్ని నమ్మడం మెదడు నేర్చుకుంటుంది. కదిలితేనే ఆ నేర్పు వస్తుంది, ఎప్పుడూ పడుకునే కుక్క ఆలస్యంగా కోలుకుంటుంది.

వాంతులు ఆగి, లేచి నిలబడగలిగిన రోజే మొదలుపెట్టండి. మెడ పట్టీ తీసి ఛాతీకి హార్నెస్ వేయండి. మొదట హాల్లో మ్యాట్ల మీద నాలుగడుగులు, తర్వాత కారిడార్, ఆ తర్వాత గడ్డి ఉన్న చోటు. పొద్దున్నే వాహనాలు తక్కువగా ఉన్నప్పుడు నడిపించండి, వాలిన వైపు మీరు నడవండి. ఈ తూలుడు మళ్లీ రావచ్చు కాబట్టి వాంతి మందు పేరు, మోతాదు డాక్టరు చేత రాయించి దగ్గర పెట్టుకోండి. ఏటా టీకా, నెలనెలా గోమార్ల మందు, వానాకాలంలో వారానికోసారి చెవి చూడటం మానొద్దు. రేపు మీ బ్లాకులోనే ఇంకొకరి కుక్క తూలి పడుతుంది. గ్రూపులో మందు పేరు పెట్టకండి, రెండు మ్యాట్లు తీసుకుని వాళ్ల ఇంటికి వెళ్లండి, కారు తీసి వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.